నలభై దాటాక తెలిస్తే ఏం లాభం?

ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడు. ముందు నువ్వే పలకరించు. నలుగురిలో కలువు. చిరునవ్వు చెదరనీయకు. వ్యక్తిత్వ వికాసం పేరుతో పుస్తకం రాసినా, కాలేజీలో క్లాసు తీసుకున్నా ఈ నాలుగు సలహాలు లేకుండా పని జరగదు. చాలామందికి ఇవి పనికొస్తాయి కూడా. కానీ ఆ క్లాసులో వెనక వరసలో కూర్చున్న ఒకరిద్దరు ఈ నాలుగూ చిన్నప్పట్నుంచీ చేస్తూనే ఉన్నారు. కళ్ళలోకి చూడలేక కనుబొమల మధ్య చూస్తారు. ఎంతసేపు చూస్తే బాగుంటుందో లోపల లెక్క పెట్టుకుంటారు. అందరూ నవ్వాక ఒక క్షణం ఆలస్యంగా తామూ నవ్వుతారు. పెళ్ళికి వెళ్తూ, ఎవరు కనబడితే ఏం అడగాలో ఆటోలోనే రిహార్సల్ వేసుకుంటారు. ఇంటికొచ్చాక తలుపేసుకుని పడుకుంటారు, మర్నాడు సాయంత్రం దాకా మనుషుల్లో పడరు. ఇలాంటివాళ్ళకి "ఇంకాస్త ప్రయత్నించు" అని చెప్పడం దండగ. ప్రయత్నం ఎక్కువయ్యే వాళ్ళు అలిసిపోయారు.

బిడియం ఉన్న ప్రతివాళ్ళదీ ఈ కథ కాదు. అయితే వీళ్ళలో కొందరికి నలభైలోనో, యాభైలోనో తెలుస్తుంది, తమకు పుట్టుక నుంచీ ఆటిజం ఉందని. వెంటనే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "పెళ్ళయింది, పిల్లలున్నారు, ఉద్యోగం చేస్తున్నావు. ఈ వయసులో తెలిస్తే ఏం లాభం?"

లాభం ఉంది. దండిగా ఉంది.

ముందు ఇది ఎలా బయటపడుతుందో చూద్దాం. చాలామందికి పిల్లల ద్వారానే తెలుస్తుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం సిఫార్సు ప్రకారం ప్రతి బిడ్డకూ 18వ నెలలో ఒకసారి, 24వ నెలలో ఒకసారి ఆటిజం కోసం పరీక్ష చేస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ ఇల్లు ఊహించుకోండి. డాక్టరిచ్చిన ప్రశ్నల కాగితం తండ్రి చేతిలో ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? మామూలు శబ్దాలకే చెవులు మూసుకుంటాడా? బిడ్డ గురించి టిక్కులు పెడుతూ పెడుతూ ఆయన పెన్ను ఒకచోట ఆగిపోతుంది. ఆ రాత్రి ఫోన్లో వాళ్ళమ్మ, "దానికింత కంగారెందుకురా? నువ్వూ మూడేళ్ళదాకా మాట్లాడలేదు. ఫ్యాను కింద పడుకోబెడితే గంటలకొద్దీ దాన్నే చూస్తుండేవాడివి. ఇప్పుడు ఇంజినీరువి కాలేదూ?" అంటుంది. ధైర్యం చెబుతున్నాననే ఆవిడ అనుకుంటుంది. చెప్పిందంతా డాక్టరుకి కావలసిన సమాచారం. ఆటిజంలో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువని కవలల మీద జరిగిన పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. టీకాల వల్ల వస్తుందన్నది పచ్చి అబద్ధం. 1998లో ఆ ప్రచారానికి మూలమైన పరిశోధన పత్రాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసేసుకుంది.

మరి చిన్నప్పుడే ఎందుకు తెలియలేదు? చెప్పగలిగేవాళ్ళు లేరు గనక. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాశాడు. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్, మాటలు బాగా వచ్చి, తెలివితేటలుండి, తోటివాళ్ళలో మాత్రం ఇమడలేని పిల్లల గురించి జర్మన్‌లో రాశాడు. (వీళ్ళిద్దరికంటే ముందే, 1920ల్లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు దాదాపు ఇవే లక్షణాలు నమోదు చేసింది. ఆవిడ పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు.) ఆస్పెర్గర్ రాసింది ఇంగ్లీషు ప్రపంచం చెవిన పడటానికి 1981 దాకా పట్టింది. తన కూతురికే ఆటిజం ఉన్న లోర్నా వింగ్ అనే లండన్ సైకియాట్రిస్టు అప్పుడు దాన్ని వెలికితీసింది. అమెరికా సైకియాట్రిస్టులు రోగనిర్ధారణకి వాడే మాన్యువల్లోకి ఆస్పెర్గర్ పేరుతో ఒక విభాగం 1994లో ఎక్కింది. 2013లో ఇలాంటి విభాగాలన్నిటినీ కలిపి ఒకే ఆటిజం స్పెక్ట్రం అన్నారు. ఇప్పుడు లెక్క వేసుకోండి. 1975లో తెనాలిలోనో కరీంనగర్‌లోనో పుట్టిన పిల్లాడు పదో తరగతి దాటి, డిగ్రీ దగ్గర పడేసరికి గానీ అతనిలాంటి వాళ్ళ కోసం ఆ మాన్యువల్లో ఒక పేజీ లేదు. మన ఊళ్ళలో ఆ పిల్లాడికి దొరికిన పేర్లు వేరు: తిక్క, చాదస్తం, మొండిఘటం, లోకం పోకడ తెలియనివాడు.

ఇంకో కారణం మార్కులు. మన దగ్గర పిల్లాడికి మంచి ర్యాంకు వస్తే అతని మిగతా జీవితం గురించి ఎవరూ ఏమీ అడగరు. రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున్న నుంచి రాత్రి దాకా గంట గంటకీ టైంటేబుల్ ఉంటుంది, పక్కవాడితో కబుర్లాడితే తిడతారు, ఒక్క చదువు తప్ప వేరే పని లేదు. మిగతా పిల్లలకి నరకంలా ఉండే ఆ పద్ధతి వీళ్ళలో కొందరికి హాయిగా కూడా ఉండొచ్చు. చిక్కంతా ఉద్యోగంలో చేరి, పెళ్ళయ్యాక మొదలవుతుంది. అక్కడ టైంటేబుల్ ఉండదు. "చూద్దాంలే" అన్న మేనేజరు ఆ పని చెయ్యొద్దన్నాడని పక్క సీటువాడికి వెంటనే అర్థమవుతుంది, మీరు మాత్రం శుక్రవారం వెళ్ళి "చూశారా సార్?" అని అడుగుతారు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. ఆటిజం ఉన్నవాళ్ళలో నలుగురు మగపిల్లలకి ఒక ఆడపిల్ల అని చాలాకాలం చెప్పుకున్నారు. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ నిష్పత్తి మూడుకి ఒకటికి దగ్గరగా ఉందని, ఆడపిల్లల్ని గుర్తించకుండా వదిలేస్తున్నారని తేలింది. మన ఇళ్ళలో మూలన కూర్చుని పుస్తకం చదువుకునే పిల్లని చూసి ఎవరికీ అనుమానం రాదు. "మా అమ్మాయి నోట్లో నాలుక లేనిది" అని పెళ్ళిచూపుల్లో గొప్పగా చెబుతారు. ఆ పిల్లే అత్తారింట్లో ఏ ఆడపడుచు ఎలా మాట్లాడుతుందో గమనించి, అలాగే మాట్లాడటం నేర్చుకుంటుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. ఇరవై ఏళ్ళు అలా నెట్టుకొచ్చి ఒకరోజు కుప్పకూలితే డిప్రెషన్ అని మందులిస్తారు. డిప్రెషన్ నిజమే, దాని వెనకున్నది ఎవరూ చూడరు.

"నీకు ఆటిజం ఏంటి, శుభ్రంగా మాట్లాడుతున్నావుగా?" అనేవాళ్ళని ఒక్కసారి ఫంక్షన్ హాలుకి తీసుకెళ్దాం. గుమ్మంలో పన్నీరు చల్లుతారు, మొహమంతా తడి. లోపల ఒకవైపు మేళం, ఇంకోవైపు స్పీకర్లలో సినిమా పాట. వీడియోవాడి లైటు సూటిగా కళ్ళలోకి. కొత్త చొక్కా లేబుల్ మెడ మీద గీరుతోంది. భోజనాల దగ్గర మీ కుర్చీ వెనకే ఎవరో నిలబడ్డారు, మీరు లేస్తే కూర్చుందామని. ఇంతలో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఊపుతూ, "నేనెవరో చెప్పుకో చూద్దాం!" మిగతావాళ్ళ మెదడు అక్కర్లేని శబ్దాన్నీ వెలుతురునీ తనంతట తానే పక్కకి నెట్టేస్తుంది. మీది అన్నిటినీ ఒకేసారి లోపలికి రానిస్తుంది. పైగా కొందరికి మొహాలు ఒక పట్టాన గుర్తుండవు. మీరు నోరు తెరిచేలోగా ఆవిడ చెయ్యి వదిలేసి, "వీడికి చదువుకున్న పొగరు" అని పక్కావిడతో అనేస్తుంది.

ఇలా ఆలస్యంగా తెలుసుకున్నవాళ్ళలో ప్రపంచానికి తెలిసినవాళ్ళూ ఉన్నారు. స్కాట్లండ్ గాయని సూసన్ బాయిల్‌కి పుట్టినప్పుడు మెదడు దెబ్బతిందని చిన్నప్పుడు చెప్పారు. అదే నమ్ముతూ బతికింది. యాభై దాటాక అది ఆస్పెర్గర్ సిండ్రోమ్ అని తేలింది, 2013లో ఆ సంగతి బయటికి చెప్పి ఊరట పొందింది. వాషింగ్టన్ పోస్ట్‌లో సంగీత విమర్శలకు 1997లో పులిట్జర్ బహుమతి అందుకున్న టిమ్ పేజ్‌కి, ఆ తర్వాత మూడేళ్ళకి, 45వ ఏట తెలిసింది. కిస్ అనే రాక్ బృందానికి మంటలు చిమ్మే గిటార్లు తయారుచేసిన జాన్ ఎల్డర్ రోబిసన్‌కి నలభయ్యో ఏట తెలిసింది. 2007లో అచ్చయిన ఆయన ఆత్మకథ పేరు 'లుక్ మీ ఇన్ ద ఐ'. చిన్నప్పుడు పెద్దవాళ్ళు ఆయన్ని గద్దించిన మాటే అది. మన వికాసం క్లాసుల్లో మొదటి సలహా కూడా అదే.

సరే, మీకే అనుమానం వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

రీల్స్ చూసి తీర్పు ఇచ్చుకోకండి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2001లో ప్రచురించిన 50 ప్రశ్నల పరీక్ష ఒకటి ఇంటర్నెట్లో తేలిగ్గా దొరుకుతుంది. చెయ్యండి, తప్పులేదు. అయితే థర్మామీటర్ జ్వరం ఉందని చెబుతుంది, ఏ జ్వరమో చెప్పదు. నలుగురిలోకి వెళ్ళాలంటే భయపడే సోషల్ యాంగ్జైటీ, ఏకాగ్రత నిలవనివ్వని ఏడీహెచ్‌డీ, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే ఓసీడీ, చిన్నతనంలో తిన్న దెబ్బలు, ఇవన్నీ పైకి ఒకేలా కనబడతాయి. రెండు మూడు కలిసి కూడా ఉంటాయి. తేల్చాల్సింది సైకియాట్రిస్టు, లేదా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే ఫోన్లో ఒక్క మాట అడగండి: "పెద్దవాళ్ళలో ఆటిజం మీరు చూస్తారా?" మన దగ్గర ఈ రంగంలో అనుభవమంతా పిల్లల చుట్టూనే ఉంది. సికింద్రాబాద్‌లో నీపిడ్, బెంగళూరులో నిమ్‌హాన్స్ వంటి జాతీయ సంస్థలున్నాయి. అక్కడికి వెళ్ళేముందు కూడా ఇదే ప్రశ్న అడగండి. "కళ్ళలోకి చూస్తున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, మీకేం లేదు" అని రెండు నిమిషాల్లో పంపించేసిన డాక్టరు దగ్గర ఆగిపోనక్కర్లేదు. ఆటిజాన్ని తగ్గిస్తామంటూ స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తామనేవాళ్ళ గడప మాత్రం తొక్కకండి. ఆటిజానికి మందు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. దానితో పాటు వచ్చే ఆందోళనకి, డిప్రెషన్‌కి, నిద్రలేమికి మందులున్నాయి, వేసుకోవాలి.

తెలిసిన కొత్తలో రెండు పనులు చెయ్యొద్దు. ఒకటి, ఫేస్‌బుక్‌లో ప్రకటించడం. రెండు, "ముప్ఫై ఏళ్ళ క్రితమే తెలిసుంటే..." అని పాత జీవితమంతా తిరగేస్తూ కూర్చోవడం. రెండోది ఎవరు వద్దన్నా కొన్నాళ్ళు జరుగుతుంది. ఊరట, కోపం, దుఃఖం మూడూ కలిసే వస్తాయి. రానివ్వండి. ఆ ఊపులో ఉద్యోగానికి రాజీనామా చెయ్యడం, విడాకుల మాట ఎత్తడం వంటివి మాత్రం ఆర్నెల్లు వాయిదా వెయ్యండి.

ముందుగా చెప్పాల్సింది భార్యకో, భర్తకో. ఆటిజం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. పాత గొడవ ఒక్కటి తీసుకుని మళ్ళీ మాట్లాడుకుంటే చాలు. ఇరవై ఏళ్ళ సంసారంలో ఇలాంటి మాటలు జరగొచ్చు:

"మా నాన్న పోయినప్పుడు నేను ఏడుస్తుంటే మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి బయటికెళ్ళిపోయారు. నేనది ఎప్పటికీ మర్చిపోలేను."

"నేను ఏడ్చేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే నాకింకా కష్టంగా ఉంటుంది. నీకూ అంతే అనుకున్నాను. తలుపు బయటే కూర్చున్నాను."

"బయటే ఉన్నారా? ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"నువ్వు అడగలేదు."

ఆ ఆఖరి జవాబుకి ఆవిడకి కోపం వస్తుందో నవ్వొస్తుందో వాళ్ళ వాళ్ళ సంసారాన్ని బట్టి ఉంటుంది. విషయం మాత్రం ఇది: ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మనసు తెలియదని ఎప్పట్నుంచో అంటున్నారు. తాను కూడా ఆటిజం ఉన్నవాడైన బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో దానికి ఎదురు ప్రశ్న వేశాడు. మిగతావాళ్ళకి వీళ్ళ మనసు తెలుస్తోందా మరి? అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉందన్నాడు. కాబట్టి సర్దుబాటు కూడా రెండువైపులా ఉండాలి. "నేను ఏడుస్తుంటే పక్కన కూర్చోండి, ఏం మాట్లాడొద్దు" అని ఆవిడ విడమరిచి చెప్పాలి. చెప్పాక ఆయన కూర్చోవాలి. "నాకు ఆటిజం, నేనింతే" అని తప్పించుకోవడం కుదరదు. ఆటిజం ఒక మనిషి ఎందుకలా చేశాడో చెబుతుంది, ఎదుటివాళ్ళకి తగిలిన దెబ్బని మాన్పదు. క్షమాపణ చెప్పాల్సినచోట చెప్పాల్సిందే.

తర్వాత ఖర్చు తగ్గించుకోవాలి. నేననేది శక్తి ఖర్చు. రెండు వారాలపాటు ఏ పని చేశాక ఎంత అలిసిపోయారో రోజూ రాత్రి రెండు ముక్కలు రాసుకోండి. ఆశ్చర్యపోతారు. ఎనిమిది గంటల కోడింగ్ కంటే క్యాంటీన్లో పావుగంట ఎక్కువ పిండేసి ఉండొచ్చు. దాన్ని బట్టి కోతలు మొదలుపెట్టండి. పెళ్ళికి వెళ్ళండి, ముహూర్తానికి వెళ్ళి అక్షింతలు వేసి భోజనాల రద్దీకి ముందే వచ్చెయ్యండి. సంగీత్‌కీ, రిసెప్షన్‌కీ ఇంట్లో ఇంకొకరు వెళ్తారు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, జుట్టు చాటున ఎవరికీ కనబడవు. పెద్ద పట్టుచీర బదులు మెత్తటి చీర కట్టుకుంటే కొంపలేం మునగవు. ఫంక్షన్ మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు. కాలు ఊపడం, పెన్ను తిప్పడం వంటి అలవాట్లుంటే ఆపకండి, అవి లోపలి ఒత్తిడిని దించుతాయి. ఇష్టమైన విషయం, రైళ్ళ టైంటేబుళ్ళైనా, పాత నాణేలైనా, ఘంటసాల పాటల జాబితాలైనా, రోజుకి కాసేపు దానికి కేటాయించండి. ఇంట్లోవాళ్ళు పనికిమాలిన పిచ్చి అన్నదే మీకు విశ్రాంతి. మాస్కింగ్ పూర్తిగా వదిలెయ్యమని కొందరు చెబుతారు. నేను చెప్పను. ఇంటర్వ్యూలో, పోలీస్ స్టేషన్లో, బ్యాంకు లోను దగ్గర అది పనికొస్తుంది, అక్కడికి దాచుకోండి. ఇంట్లో మాత్రం తీసి పక్కన పెట్టండి.

ఆఫీసులో ఆటిజం అన్న మాట ఎత్తకుండానే చాలా సాధించుకోవచ్చు. "మీటింగ్ అయ్యాక నేను చెయ్యాల్సినవి రెండు లైన్లు మెయిల్ చెయ్యండి సార్, పొరపాటు లేకుండా చేస్తాను" అంటే ఏ మేనేజరూ కాదనడు. తలుపు పక్క సీటు మార్చమనడం, ఫోన్ బదులు మెసేజ్ పెట్టమనడం కూడా అంతే. చట్టం అండ కావాలంటే అదీ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కానీ రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఇన్నాళ్ళూ అన్నీ నెట్టుకొచ్చినవాళ్ళు ఆ గీత దాటకపోవచ్చు. సర్టిఫికెట్ రానంత మాత్రాన మీ కష్టం అబద్ధం కాదు.

ఇంట్లోవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన మనిషి ఒకరున్నారు: డోనాల్డ్ ట్రిప్లెట్. కానర్ రాసిన 11 మందిలో మొదటివాడు. 1933లో మిసిసిపీ రాష్ట్రం ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. డాక్టర్ల సలహా మీద మూడేళ్ళ పిల్లాణ్ణి ఒక సంస్థలో పెట్టిన తల్లిదండ్రులు, ఏడాది తర్వాత మనసొప్పక తెచ్చేసుకున్నారు. డిగ్రీ చదివాడు. కుటుంబానికి వాటా ఉన్న ఊరి బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశాడు. 27వ ఏట కారు నడపడం నేర్చుకున్నాడు, రోజూ గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడు. మనుషులకి నంబర్లు పెట్టి, ఏళ్ళ తర్వాత కనబడ్డా ఆ నంబరుతో పలకరించేవాడు. ఊరివాళ్ళు అది అతని పద్ధతి అనుకుని, నంబరు వచ్చినందుకు సంతోషించారు. 2023లో 89వ ఏట చనిపోయాడు. అతన్ని మార్చాలని ఊరు పట్టుబట్టి ఉంటే ఈ జీవితం ఉండేది కాదని నా నమ్మకం. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా "నాది ఆటిజం" అని చెబితే, "అందరికీ అంతో ఇంతో ఉంటుందిలే" అని కొట్టిపారెయ్యకండి. "నేను చేసేవాటిలో నీకు ఏది కష్టంగా ఉంటుంది?" అని అడగండి.

ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్పాలి. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు మిగతావాళ్ళకంటే ఎక్కువని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. అలాంటి రాత్రి వస్తే 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక ఈ వారమే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మీ చిన్నతనం గురించి అడుగుతారు. ఎందుకంటే చిన్నప్పుడు లేకుండా మధ్యలో మొదలయ్యేది ఆటిజం కాదు. మన తరంలో ఆ వివరాలు ఏ ఆస్పత్రి ఫైల్లోనూ ఉండవు. అమ్మకో, పెద్దక్కకో, మిమ్మల్ని ఎత్తుకు తిరిగిన మేనత్తకో గుర్తుంటాయి. ఎప్పుడు మాటలొచ్చాయి, ఏం పెడితే ఉమ్మేసేవాళ్ళు, ఏ చొక్కా తొడిగితే ఏడ్చేవాళ్ళు, బళ్ళో స్నేహితులెవరు, ఆడుకునేటప్పుడు అందరితో కలిసేవాళ్ళా, పక్కన ఒక్కరే కూర్చునేవాళ్ళా. ఆటిజం పేరెత్తి ఆవిణ్ణి కంగారుపెట్టక్కర్లేదు, కబుర్లలో పెట్టి అడగండి. చెప్పినవి చెప్పినట్టు తేదీ వేసి రాసుకోండి. ఆవిడకి ఎనభై ఏళ్ళుంటే, వచ్చే పండక్కి వెళ్ళినప్పుడు అడగొచ్చులే అనుకోకండి. ఈ ఆదివారమే ఫోన్ చెయ్యండి.